ప్రకటనలు మీవి, తీర్మానం నాది

నేను జన్మల ఒక్కసారే పెండ్లిచూపులకు పోయిన. పోయిన ఇల్లు తప్పు. కలిసిన మనుషులు తప్పు. మాట్లాడిన మాటలన్నీ తప్పు. తిన్న కోడికూర ఒక్కటే కరెక్టు. ఆ రోజు సిరిసిల్లల నేను చేసిన ఆగానికి ఒక ఇంటామె శోకం తీసింది, యాభై ఏండ్ల పెద్దమనిషి నాకు దండం పెట్టిండు, మా మేనమామ నడిగల్లీల తువాల నెత్తికి చుట్టుకొని కూలబడ్డడు. మీకు నవ్వొస్తె నవ్వున్రి. నేనేమనుకోను. మా ఇంట్ల ఇప్పటికీ నవ్వుతనే ఉన్నరు, మీరు కొత్తగ నన్ను చిన్నబుచ్చేదేం లేదు.

దీనికంతటికీ మూలం రీజనింగు.

మాది కోరుట్ల. డిగ్రీ ఒడిసినంక బ్యాంకు పరీక్ష రాస్తనని జగిత్యాలల రూము తీసుకొని కోచింగుల చేరిన. ఆడ రీజనింగు చెప్పే సారు బోర్డు మీద రెండు ప్రకటనలు రాసేటోడు, కింద తీర్మానాలు రాసేటోడు. ఏ తీర్మానం నిలబడుతదో, ఏది కూలుతదో మేం చెప్పాలె. "పిల్లులన్నీ కుక్కలు. కుక్కలన్నీ బస్సులు. కాబట్టి పిల్లులన్నీ బస్సులు." గీ మాట బస్టాండుల అంటె పిచ్చాసుపత్రికి తోలుతరు. కోచింగుల అంటె శెభాష్ అని మార్కు వేస్తరు. నాకు గా చదువు మస్తు నచ్చింది.

"ఇచ్చిన మాటల్ల ఎంతుందో అంతే తీసుకోవాలె. మన సొంతది కలుపొద్దు," అనేటోడు సారు. ఒకరోజు అడిగిండు: "గాడిదలకు నాలుగు కాళ్లుంటయి. మంచానికి నాలుగు కాళ్లున్నయి. కాబట్టి మంచం గాడిద. ఒప్పా, తప్పా?"

క్లాసంతట్ల అందరికంటె గట్టిగ నవ్వింది నేనే. "తప్పు సార్! గంత తెలివితక్కువోడు ఎవడుంటడు సార్!" అంటి. జర గుర్తు పెట్టుకోన్రి. గా తెలివితక్కువోడు సిరిసిల్ల బస్సెక్కుడు దగ్గర్లనే ఉంది.

సదువు నెత్తికెక్కితె మనిషి ఇంట్ల ఊకుంటడా? పండుగకు కోరుట్ల పోతె మా అమ్మ అన్నది: "మబ్బు పట్టింది రవీ, దండెం మీది బట్టలు తియ్యి."

"మబ్బు పట్టుడు ప్రకటన, అమ్మా. వానొస్తదనేది తీర్మానం. మబ్బులన్నీ వానలు కావు. కొన్ని మబ్బులే వానలు. నీ తీర్మానం నిలబడదు."

నా మాట ఒడువకముందే వాన దంచింది. బట్టలన్నీ తడిసినయి. మా నాయిన తడిసిన ధోతి పిండుకుంట, "వీనికి జల్ది పెండ్లి చెయ్యాలె. గీ తీర్మానాలు వినేటందుకు ఇంకో మనిషి కావాలె. నాతోని కాదు," అన్నడు.

గట్ల మొదలైంది సంబంధాల ముచ్చట. మా మల్లేశం మామ, అంటె మా అమ్మ తమ్ముడు, సిరిసిల్ల సంబంధం తెచ్చిండు. పిల్ల పేరు విజయ. వాళ్ల నాయిన సత్తయ్య. ఇంటికాడ నాలుగు సాంచాలున్నయి. సాంచాలంటె కరెంటు మగ్గాలు. సిరిసిల్లల ఏ గల్లీకి పోయినా వాటి టకటకనే.

"నేను కోరుట్ల నుంచి వస్త, నువ్వు జగిత్యాల నుంచి రా," అన్నడు మామ. "సిరిసిల్ల బస్టాండుల కూసో. నేను వచ్చేదాక కదలకు. ఏమన్న?"

"కదలకు అన్నవు."

"దాని మీద తీర్మానం చేసినవా?"

"లేదు మామా."

"చెయ్యకు."

అన్నల కాలం అది. నక్సలైట్లను మా దిక్కు అందరు అన్నలనే అనేటోళ్లు. ఎక్కడ పంచాయితీ ఉన్నా "అన్నలు వస్తరట" అనే మాట మనుషుల కంటె ముందుగాల వచ్చేది. బస్సులాపి పోలీసోళ్లు సంచులు తడిమేటోళ్లు. కొత్త మొఖం కనబడితె ఊరోళ్లు అన్నలనుకునేది, లేకుంటె మఫ్టీల ఉన్న పోలీసనుకునేది. ఉత్త మనిషి అయ్యుంటడని ఎవలకు తోచేది కాదు. ఇది చిన్నపిల్లలకు గూడ తెలిసిన సంగతి. పెద్ద రీజనింగు చదివిన నాకు మాత్రం గా పొద్దు యాదికి రాలే.

ముందురోజు మంగళవారం. కటింగు షాపులన్నీ బంద్. గడ్డం గట్లనే ఉన్నది. బయలుదేరుతుంటె చెప్పు తెగింది. నా రూముల ఉండే దోస్తు వాలీబాల్ ఆడుతడు, "పెండ్లిచూపులకు తెగిన చెప్పులతోని పోతవా?" అని తన క్యాన్వాసు బూట్లిచ్చిండు. బస్సుల చదువుకుందామని సంచిల రీజనింగు పుస్తకం పెట్టుకొని భుజానికి వేసుకున్న. గడ్డం, బూట్లు, భుజానికి బరువు సంచి. అద్దంల చూసుకుంటె పెండ్లికొడుకు లెక్కనే కనబడ్డ. అద్దం గూడ ఒక్కోసారి అబద్ధమాడుతది.

సిరిసిల్ల బస్టాండుల దిగిన. మామ లేడు. ఒక బస్సొచ్చింది, మామ రాలే. ఇంకో బస్సొచ్చింది, అండ్ల గూడ రాలే. దిగినోళ్లు చెప్పిన్రు: కోరుట్ల బస్సును దార్ల ఆపి చెకింగు చేస్తున్నరట, జర లేటైతదట. ఎండ మంట పెడుతుంది. పిల్ల తరఫోళ్లు ఎదురు చూస్తుంటరు. గప్పుడు నా బుర్ర లేచి కూసున్నది.

సత్తయ్య ఇంటి గురించి మామ ఊసుపోక చెప్పిన మాటలు యాదికి తెచ్చుకున్న. పెద్దబడి ఎనుక గల్లి. నీలం రంగు గేటు. లోపట జామచెట్టు. ఇన్ని ప్రకటనలు చేతుల పెట్టుకొని మామ కోసం కూసుండుడేంది? క్లాసుల ఫస్టు వచ్చేటోన్ని!

పెద్దబడి ఎనుకకు పోయిన. గల్లి మలుపుల నీలం గేటు కనబడ్డది. గేటు లోపట జామచెట్టు. సత్తయ్య ఇంటికి నీలం గేటుంటది. ఈ ఇంటికి నీలం గేటున్నది. కాబట్టి ఇది సత్తయ్య ఇల్లు.

అవును. మంచం గాడిదైంది.

ఆ గల్లీల పోయిన పండుగకు నీలం రంగు అగ్గువకు దొరికితె తలా ఇంత తెచ్చి అందరు గేట్లకు వేసుకున్నరట. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ ఇల్లు సత్తయ్యది కాదు, నర్సయ్య అనే ఇంకో సాంచాల ఆసామిది. ఇంకో సంగతి గూడ ముందుగాలనే మీకు చెప్పేస్త, లేకుంటె నా లెక్క మీరు గూడ ఆగమైతరు. నర్సయ్య దగ్గర పనిచేసేటోళ్లు షెడ్డుల పంకలు పెట్టాలె, వారానికి ఒక దినం సెలవియ్యాలె అని సాంచాలు బందు పెట్టి కూసున్నరు. నర్సయ్య ఇయ్యనంటుండు. "అన్నలకు తెలిసిందట, మాట్లాడేటందుకు ఒకరు వస్తరట" అని ఎవడో చాయ హోటల్ల పుకారు లేపిండు. సరిగ్గ గప్పుడు గడ్డం, బూట్లు, సంచి వేసుకొని నేను గేటు తీసిన.

జామచెట్టు కింద కూసున్న పనోళ్లు దిగ్గున లేచి నిలబడ్డరు. ఆహా, పిల్ల తరఫు చుట్టాలు నాకోసం ఎదురు చూస్తున్నరు అనుకున్న. సాంచాల సప్పుడు లేదు. పెండ్లిచూపులని పని బందు పెట్టిన్రు, ఎంత మర్యాదస్తులు అనుకున్న. నర్సయ్య బయటికొచ్చిండు.

"నమస్తే. నేను జగిత్యాల నుంచి వస్తున్న. మీకు ఖబరు అందే ఉంటది," అంటి.

ఆయన మొఖంల నెత్తురు దిగిపోయింది. "అ... అందిందన్నా. లోపటికి రాన్రి."

యాభై ఏండ్ల మనిషి నన్ను అన్నా అంటుండు! కాబోయే మామ ఇంత అణకువగ ఉంటే ఇగ ఈ జన్మకేం కావాలె?

"ఒక్కలే అచ్చిన్రా అన్నా?"

"మా మల్లేశం మామ ఎనుకొస్తుండు. దార్ల పోలీసు చెకింగుల చిక్కిండు. తప్పించుకొని వచ్చినంక అసలు ముచ్చట మాట్లాడుదం."

"ఇంక గిట్ల... ఎంతమంది వస్తరన్నా?"

"ఇయ్యాల ఇద్దరమే. అంతా ఖాయమైతె బస్సు మాట్లాడుకొని అందరం దిగుతం."

ఆయన చేతుల నీళ్ల చెంబు ఒరిగి సగం నీళ్లు నా బూట్ల మీద పడ్డయి. కాళ్లు కడుగుతుండనుకొని, "వద్దు, వద్దు, గంత మర్యాద ఎందుకు," అంటి.

నర్సయ్య భార్య లచ్చవ్వ చాయ తెచ్చింది. ఎనుకనే అన్నం, కోడికూర తెచ్చింది. పెండ్లిచూపులకు ఉప్మా పెడుతరు, మిచ్చరు పెడుతరు. కోడికూర పెట్టిన్రంటె ఇగ నన్ను ఒప్పుకున్నట్టే. ఇంకో తీర్మానం! కడుపునిండ తిన్న. తినుకుంట చెమటలు తుడుచుకుంట అడిగిన.

"గింత ఉక్కల మనుషులు ఎట్లుంటరు? పంక లేదా?"

వాకిట్ల నిలబడ్డ పనోళ్ల చెవులు నిక్కినయి. నర్సయ్య వాళ్ల దిక్కు చూసిండు. "పెట్టిస్తన్నా. వచ్చే నెల..."

"వచ్చే నెల దాక ఎవలుంటరు? ఇప్పుడు కావాలె."

"ఇప్పుడే పెట్టిస్తన్నా! ఓ పిలగా, కరెంటు దుకాణం కాడికి ఉరుకు! షెడ్డుకు సరిపోను పంకలు తే!"

ఒక్కనికి గాలాడేటందుకు గన్ని పంకలెందుకో నాకు సమజ్ కాలే. పెద్దోళ్లు, పెద్ద మనసు అనుకున్న. పనోళ్లల్ల పెద్దాయన కనకయ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పిల్లకు చిన్నాయిన అయ్యుంటడనుకొని ఆయనకో చిరునవ్వు పడేసిన.

మామ రాకపోయినా దినం సంగతి మాట్లాడి పెడుదామని, "ఆదివారమైతె మంచిగుంటది. అందరికి సెలవుంటది. సెలవు లేకుంటె మనిషి ఎట్ల వస్తడు, ఎట్ల తింటడు?" అంటి.

"ఇస్తన్నా! ఆదివారం సెలవిస్త! మీ మాటకు ఎదురు లేదు!"

వాకిట్ల సప్పట్లు మోగినయి. నా పెండ్లి మీద వీళ్లకు గింత సంబురమా అని నాకే సిగ్గనిపించింది. జర గంభీరంగ ఉండాలనుకొని గొంతు సవరించుకొని, మా సారు క్లాసుల అన్నట్టే అంటి: "సరే. ముందుగాల ప్రకటనలు మీరు చెప్పున్రి. తీర్మానం నేను చేస్త."

నర్సయ్య లేచి చేతులు జోడించిండు. "ప్రకటన మాత్రం వద్దన్నా! పేపర్ల మీ ప్రకటన వస్తె నా ఇజ్జత్ పోతది. ఏదున్నా ఈడనే తీర్మానం చెయ్యున్రి."

పెండ్లి సంగతి పేపర్ల ఎందుకేస్తరు, పాపం అమాయకుడు అనుకున్న. "మీ ఇష్టం. నాకైతె మీ దగ్గర ఒక్క పైస వద్దు. ఇగ అసలు పనికి వద్దాం. అమ్మాయిని పిలువున్రి."

అప్పటిదాక సప్పట్లు కొట్టిన పనోళ్లు గూడ ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు.

"మా పిల్లనా? ఎందుకన్నా?" అన్నది లచ్చవ్వ.

"ఎందుకేంది? చూసేటందుకు. నచ్చితె తోలుకపోతం."

"తోలుకపోతరా!"

"ఇప్పుడే కాదు. మంచి దినం చూసి. నచ్చి ఆమె వస్తనంటెనే. జబర్దస్తి లేదు."

లచ్చవ్వ నెత్తి కొట్టుకొని శోకం తీసింది. "ఓ కొడుకా, నా బిడ్డ ఎండకే ఓర్వది! దోమ కుడితె దవఖానకు పోతది! అడివిల ఎట్లుంటది కొడుకా! కావాలంటె గీ ముసలాయనను తోలుకపో!"

"అడివేంది?" అని లేచిన. కోపమొచ్చింది. "కోరుట్ల అడివా? మా కాడ కరెంటున్నది, బస్టాండున్నది!"

"నన్ను తోలుకపోతరా?" అని నర్సయ్య పెండ్లాం దిక్కు చూసిండు. ఆమె మాట వెనుకకు తీసుకోలే.

గప్పుడు మా మామ వచ్చిండు. బస్టాండుల నన్ను చూడక, సత్తయ్య ఇంటికి పోయి ఆడ గూడ చూడక, గల్లి గల్లి తిరిగి శోకం విని ఉరుక్కుంట వచ్చిండు. పెద్ద మీసం, చెమట, రొప్పు. ఆయనను చూసి, "అగో, రెండో అన్న గూడ వచ్చిండు!" అని ఎవడో అరిచిండు.

"ఒరే రవిగా!" అన్నడు మామ. "ఆడ సత్తయ్య ఉప్మా చేయించుకొని కూసుంటె నువ్వు ఈడ కోడికూర తింటున్నవారా! గిది పెండ్లివారిల్లు కాదు!"

నర్సయ్య నన్ను పైనుంచి కిందికి చూసిండు. "అయితె... నువ్వు అన్నవు కాదా?"

"నేను ఎవలకు అన్ననే? మా ఇంట్ల నేనే చిన్నోన్ని."

ముందు లచ్చవ్వకు సమజైంది. ఏడ్పు ఆపి, కొంగు మూతికడ్డం పెట్టుకొని, గోడకు ఒరిగి నవ్వుడు మొదలు పెట్టింది. ఆమెను చూసి పనోళ్లు నవ్విన్రు. మామ బయటికి పోయి, నేను ముందుగాల చెప్పిన తీరుగ, నడిగల్లీల తువాల నెత్తికి చుట్టుకొని కూలబడ్డడు. ఎవల ఇంటికి ముందుగాల మాఫీ చెప్పాల్నో పాపం ఆయనకు తెలుస్తలేదు.

నర్సయ్య ఒక్కడే నవ్వలే. కొడుతడేమోనని నేను బూట్లు కట్టుకునుడు మొదలు పెట్టిన. గంతల కరెంటు దుకాణం నుంచి రిక్షాల పంకలు దిగినయి.

"వాపసు తోలు," అన్నడు నర్సయ్య.

కనకయ్య ముందటికొచ్చిండు. "ఆసామీ, నువ్వు మాట ఇచ్చినవు. అన్నకిచ్చినా, అల్లునికిచ్చినా మాట మాటనే కదా?"

నర్సయ్య రిక్షా దిక్కు చూసిండు, నా గడ్డం దిక్కు చూసిండు, భార్య దిక్కు చూసిండు. ఆఖరికి ఆయనకు గూడ నవ్వు ఆగలే. "దించుర్రి. వీడు పెండ్లికొడుకు కాబట్టి కోడికూరతోని పోయింది. నిజమైన అన్నలే వచ్చుంటె ఇంకేమేమి అడుగుదురో!" ఆ మాపే సాంచాలు మళ్ల మోగినయి.

సత్తయ్య ఇంటికి మేం పోయేసరికి ముచ్చట మాకంటె ముందుగాల చేరింది. గల్లంత మా ఎనుక వచ్చింది. సత్తయ్య పాపం ఏం ఎరుగనట్టు, "ఏం చదివినవు బాబు?" అన్నడు. రీజనింగు అనేటందుకు నోరు రాక, "ఏదో కొంచెం," అంటి. విజయ చల్లారిన ఉప్మా తెచ్చి ముందట పెట్టింది. తల దించుకొని ఉన్నది గని భుజాలు కదులుతున్నయి. నవ్వు ఆపుకుంటున్నదని తీర్మానం చెయ్యబోయి, భయపడి ఊకున్న.

"ఏమన్న అడుగు బిడ్డా," అన్నడు సత్తయ్య.

ఆమె తలెత్తి అడిగింది: "నర్సయ్య కాకోళ్ల ఇంట్ల కూర మంచిగుండెనా?"

"ఉప్పు జర తక్కువైంది," అంటి.

"మా ఇంట్ల సరిపోను వేస్తం," అన్నది.

దాని మీద తీర్మానం మా మామ చేసిండు. అది నిలబడ్డది.

జగిత్యాల పోయి మా సారుకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన సుద్దముక్క కింద పెట్టి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "రవీందర్, గీ లెక్క నేను క్లాసుల చెప్పుకుంట, ఏమనుకోవు కదా?" అన్నడు. ఆ తర్వాత వచ్చిన బ్యాచులన్నీ నా మీదనే పాసైనయట.

ఇగ పెండ్లి. సత్తయ్య ఇంటి ముందటనే పందిరి. నర్సయ్య, లచ్చవ్వ బిడ్డను తీసుకొని వచ్చిన్రు. కనకయ్య తన తోటి పనోళ్లందరిని తోలుకొని, డప్పులు కొట్టించుకుంట వచ్చిండు. "ఇయ్యాల మా అన్న పెండ్లి!" అని గల్లి మొదటి నుంచి ఒకటే కేకలు. "అన్నా, గిటు చూడు! అన్నా, గీ దండ వేసుకో! అన్నకు జై!" వద్దని నేను చేతులూపితె ఇంకింత గట్టిగ జై కొట్టిన్రు.

ఆ కేక చాయ హోటలు దాటింది, బస్టాండు దాటింది, పోలీస్ టేషన్ దాకా పోయింది. తలంబ్రాలు పోసుకుంటున్నం. మఫ్టీల ఎస్సై, ఎనుక ఇద్దరు కానిస్టేబుళ్లు పందిట్లకొచ్చిన్రు. డప్పులు ఆగినయి.

"ఈడ ఎవరో అన్న పెండ్లి అయితున్నదట?" అన్నడు ఎస్సై.

కనకయ్య సంబురంల వెనుకా ముందు చూడలే. "అవు సార్! గీయనే మా అన్న!"

మామ చెయ్యి తువాల కోసం భుజం మీదికి పోయింది. ఎస్సై నా ముందట నిలబడ్డడు. "అందరు నిన్ను అన్న అంటున్నరు. ఎందుకంటున్నరు? ఏం సంగతి?"

"సార్, అన్న అని పిలిపించుకునేటోళ్లంత అన్నలు కారు సార్. కొందరు అన్నలు..." అని మొదలు పెట్టిన. మామ నా తొడ గిచ్చిండు. దాంతోని కొందరు ఎవరో మరిచిపోయిన.

గప్పుడు నా పక్కన పీట మీద కూసున్న విజయ, చేతుల తలంబ్రాలు గట్లనే పట్టుకొని, తలెత్తి అన్నది:

"అందరు అంటలేరు సార్. నేనొక్కదాన్ని అంటలేను. జన్మల అనను గూడ."

పందిరి ఎగిరిపడ్డట్టు నవ్విన్రు. ఎస్సై గూడ మొఖం అటు తిప్పుకొని నవ్వి, కానిస్టేబుళ్లను తీసుకొని సక్కగ బంతిల కూసొని తిన్నడు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, "తమ్మీ, ఆమె మాట వినుకో," అన్నడు. ఆయనొక్కడే ఆ రోజు నన్ను తమ్మీ అన్నది.

సభ ముందట, పురోహితుని ముందట, నెత్తిమీద రాలిన తలంబ్రాల సాక్షిగ గప్పుడే ఘోరమైన శపథం చేసిన: ఇగ ఈ జన్మల పెండ్లిచూపులకు పోను. ఎవలు బతిమాలినా పోను, బండి పంపినా పోను. ఇప్పటిదాక మాట తప్పలే. నా తీర్మానాలన్నిట్ల మా విజయ మారు మాట లేకుండ ఒప్పుకున్నది గిదొక్కటే.